తమ్ముడి పెండ్లి కేసెట్

మన ఇంటి సంగతులు రాయడానికి కూర్చున్నప్పుడల్లా తాతల గురించి, మగ్గాల గురించి, మిల్లు గురించే రాస్తూ వచ్చాను. ఎవరు ఏ ఊరి నుంచి నాందేడ్ వచ్చారు, ఎవరు భివండి పోయారు, ఎవరు షోలాపూర్‌లో స్థిరపడ్డారు, ఇవన్నీ ఇదివరకే చెప్పుకున్నాం. ఈసారి నాలుగు సెకన్ల సంగతి రాస్తున్నాను. ఆ నాలుగు సెకన్లలో ఉన్నది మా అమ్మ, నేను. చేసింది నేను కాబట్టి రాయాల్సింది కూడా నేనే. రాసే ముందు అమ్మను అడిగాను. "రాయి. అండ్ల దాచేదేమున్నది?" అన్నది.

మా మేనకోడలు, అంటే తమ్ముడి కూతురు, బరోడాలో ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. 2024 ఎండాకాలం సెలవుల్లో వచ్చి, "అత్తమ్మా, అమ్మానాన్నల పెండ్లి కేసెట్ ఎక్కడుంది?" అని అడిగింది. కాలేజీలో ఏదో చెయ్యాలట. ఇనుప బీరువా పైఅరలో పాత పట్టుచీరల కింద వెతికితే రెండు కేసెట్లు దొరికాయి. ఒకటి మిక్సింగ్ చేసిన కేసెట్. మనవాళ్ళందరూ పది పదిహేను సార్లు చూసిందే. 1994లో అదొక గొప్ప. గుండె ఆకారం గిర్రున తిరిగి అందులోంచి పెండ్లికొడుకు రావడం, గులాబీ రేకులు రాలడం, మొదటి నుంచి చివరి దాకా హిందీ సినిమా పాటలు. మూడు గంటల కేసెట్‌లో ఒక్క మనిషి గొంతు కూడా వినపడదు. రెండోదాని మీద మరాఠీలో 'మాస్టర్' అని రాసి ఉంది. వీడియోవాడు తీసింది తీసినట్టు, కోతలు లేకుండా, పాటలు లేకుండా ఇచ్చిన కేసెట్. ముప్పై ఏండ్లుగా దాన్ని ఎవరూ చూడలేదు. చూడడానికి ఏముంటుందిలే అనుకున్నాం.

పిల్ల రెండూ బరోడా పట్టుకపోయి కంప్యూటర్లోకి ఎక్కించుకుంది. పది రోజులకు ఫోన్ చేసింది.

"అత్తమ్మా, నాయనమ్మ పెండ్లికి రాలేదా?"

"రాకపోవుడేంది! కొడుకు పెండ్లికి రాదా? వంటింట్ల ఉండి ఉంటది."

"మూడు గంటల్ల నాయనమ్మ మొహం పదకొండు సెకన్లు కనపడ్డది. లెక్కపెట్టిన. చేతులు మాత్రం చాలాసార్లు ఉన్నయి."

చేతులు ఉంటాయి. పళ్ళెం అందించే చేతులు, కొబ్బరికాయలు సర్దే చేతులు, పసుపు గిన్నె తెచ్చే చేతులు. ఆ చేతులకు గాజులు లేవు. మా నాన్న 1989లో పోయాడు. పెండ్లినాటికి అమ్మకు నలభై ఏడేండ్లు. పీటల మీద చిన్నాయన, చిన్నమ్మ కూర్చున్నారు. మన ఇండ్లల్లో తల్లిదండ్రుల్లో ఒకరు లేకపోతే అట్లనే చేస్తారు, మీకు తెలియంది కాదు. అమ్మను ఎవరూ పక్కకు పొమ్మనలేదని, ఆమే వద్దన్నదని మేమంతా చెప్పుకుంటూ వచ్చాం. నేను కూడా అదే చెప్పాను, చాలామందికి, చాలాసార్లు. చెప్పగా చెప్పగా నాకు కూడా అదే నిజమైపోయింది.

పిల్ల కాసేపు ఆగి అన్నది, "మాస్టర్ కేసెట్ల నీ గొంతున్నది అత్తమ్మా. పంపిస్త. ఒక్కదానివే ఉన్నప్పుడు చూడు."

చూశాను. నలుగు పెట్టే రోజు, ఇక్కడివాళ్ళు హళద్ అంటారే, ఆ పొద్దున. తమ్ముడు తెల్ల బనీనుతో పీట మీద కూర్చున్నాడు. చుట్టూ ముత్తైదువలు. అమ్మ వంటింట్లోంచి పసుపు గిన్నె తెచ్చింది. గిన్నె కింద పెట్టలేదు. వంగి, రెండు వేళ్ళతో కొంచెం పసుపు తీసి, చెయ్యి తమ్ముడి చెంప దాకా తీసుకుపోయింది. అప్పుడు పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుంది. గాజుల నిండా ఉన్న చెయ్యి. ఆడబిడ్డగా ఆ రోజు పెత్తనమంతా నాదే. "అమ్మా, నువ్వు లోపలికి పో" అన్న మాట స్పష్టంగా వినపడింది. గట్టిగా కూడా అనలేదు. చాలా నెమ్మదిగా, ప్రేమగానే అన్నాను. అమ్మ వేళ్ళకున్న పసుపును కొంగుకు తుడుచుకుని వెళ్ళిపోయింది.

మిక్సింగ్ కేసెట్‌లో ఆ చోట గుండె ఆకారం గిర్రున తిరుగుతుంది. వీడియోవాడికి అది అక్కర్లేని ముక్క. తీసేశాడు. మేము కూడా అట్లనే తీసేసుకున్నాం.

ఆ తర్వాత చాలా రోజులు పిల్లకు ఫోన్ చెయ్యలేదు. చేసినప్పుడు మాత్రం, "ఇంతకీ నువ్వు చేసేదేంది? సినిమానా?" అని అడిగాను. కాదంది. వీడియో ఆర్ట్ అంది. నాకు అర్థం కాలేదు. మీలో కొందరికైనా కాదు కాబట్టి, ఆమె నాకు చెప్పినట్టే చెప్తాను.

బొమ్మలు వెయ్యడం, శిల్పం చెక్కడం, సినిమా తియ్యడం, ఇవన్నీ ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటికి గురువులున్నారు, పద్ధతులున్నాయి, ఎక్కువగా మగవాళ్ళే ఉన్నారు. 1960ల చివర్లో సోనీ కంపెనీ ఒక్క మనిషి మోసుకుపోగలిగే వీడియో కెమెరా తెచ్చింది. అది కొత్త వస్తువు. దాన్ని ఎట్లా వాడాలో చెప్పే పెద్దలు ఇంకా తయారు కాలేదు. అందుకే ఆ సందులోంచి చాలామంది ఆడవాళ్ళు లోపలికి వచ్చారు. కథ చెప్పాలన్న తొందర లేదు, టిక్కెట్లు అమ్ముడుపోవాలన్న బెంగ లేదు. తమ ఒంటిని, తమ ఇంటిని, తమను చూసే చూపును కెమెరా ముందు పెట్టి చూశారు.

ఫోన్‌లో కొన్ని చూపించింది. మొదటిది అమెరికాలో మార్తా రోస్లర్ అనే ఆమె 1975లో చేసింది. ఆరు నిమిషాలు. ఆమె వంటింట్లో ఏప్రన్ కట్టుకుని నిలబడి, ఇంగ్లీషు అక్షరమాల వరసలో ఒక్కో సామాను ఎత్తి పేరు చెప్పి, దాన్ని ఎట్లా వాడతారో చూపిస్తుంది. టీవీలో వంటల కార్యక్రమం లాగే ఉంటుంది. కాని మొహంలో నవ్వు లేదు. గరిటెతో తీసింది గిన్నెలో పొయ్యదు, పక్కకు విసిరినట్టు చేస్తుంది. కత్తితో గాల్లో పొడుస్తుంది. మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత, పండుగనాడు యాభై మందికి వండి, చివర్లో గిన్నెలు ఠంగుమని పడేసే మా చిన్నమ్మ గుర్తొచ్చింది. ఆ చప్పుడును ఇంట్లో అందరం వినేవాళ్ళం. ఏమైందని ఎవరూ అడిగేవాళ్ళం కాదు.

రెండోది షిరిన్ నెషాత్ అనే ఇరాన్ ఆమెది, 1998లో చేసింది. గదిలో ఎదురెదురుగా రెండు తెరలు ఉంటాయట. ఒక తెర మీద మగాయన నిండు సభ ముందు పాడతాడు, చప్పట్లు కొడతారు. రెండో తెర మీద నల్ల బట్టల్లో ఒక ఆడమనిషి ఖాళీ హాల్లో, మాటలు లేకుండా వట్టి గొంతుతో పాడుతుంది. వాళ్ళ దేశంలో ఆడది అందరి ముందు ఒక్కతే పాడకూడదు. చూసేవాడు రెండు తెరల నడుమ నిలబడాలి. ఒకదాన్ని చూస్తే రెండోదానికి వీపు పెట్టాల్సిందే. ఆ మాట నాకు బాగా పట్టుకుంది. మా ఇంట్లో పెండ్లి మండపం ఒక తెర, వంటింటి గుమ్మం ఇంకో తెర. నేను దేనికి వీపు పెట్టానో మాస్టర్ కేసెట్‌లో ఉంది.

మూడోది మనకు కొంచెం దగ్గరిది. బెంగుళూరు పుష్పమాల. ఆమె కూడా బరోడాలోనే శిల్పం చదివింది. తనే రకరకాల వేషాలు వేసుకుని ఫోటోలు, వీడియోలు చేస్తుంది. 2004లో 'రాష్ట్రీయ ఖీర్ అండ్ దేశీయ్ సలాడ్' అని ఒకటి చేసింది. ఆమె తల్లి, అత్తగారు రాసుకున్న వంటల నోటుపుస్తకాల్లోంచి పుట్టింది అది. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశంలో మంచి భార్య, మంచి తల్లి అంటే ఎట్లా ఉండాలో ఆ నోటుపుస్తకాల్లోంచే చూపిస్తుంది. మన ఇండ్లల్లో అట్లాంటి నోటుపుస్తకాలు ఎన్ని చిత్తుకాగితాలవాడికి పోయినయో అనుకున్నాను.

"ఇవన్నీ చదువుకున్నోళ్ళ పనులే. మనలాంటోళ్ళు ఎవరన్నా చేసిండ్రా?" అని అడిగాను. అప్పుడు చెప్పింది జహీరాబాద్ సంగతి. జహీరాబాద్ ఎంత దూరం మనకు! పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని ఉంది. ఊరూరి సంఘాల్లో ఉన్న ఆడవాళ్ళు, ఎక్కువమంది దళితులు, చిరుధాన్యాలు పండించే రైతులు, చదువు లేనివాళ్ళు, వీడియో కెమెరా నేర్చుకున్నారు. చిన్న నర్సమ్మ, హుమ్నాపూర్ లక్ష్మమ్మ లాంటివాళ్ళు. కమ్యూనిటీ మీడియా ట్రస్టు పేరుతో ఎన్నో సినిమాలు తీశారు. వరంగల్ పత్తి రైతులు బీటీ విత్తనాలతో ఎట్లా దెబ్బతిన్నారో తీసిన సినిమా దేశదేశాలు తిరిగింది. 2008లో మాచ్‌నూర్‌లో సొంత రేడియో కూడా పెట్టుకున్నారు.

వాళ్ళు కెమెరా పట్టే పద్ధతులకు ఇంగ్లీషు పేర్లు వదిలేసి సొంత పేర్లు పెట్టుకున్నారట. కెమెరా ఎత్తులో పటేలు పెత్తనం కనపడితే అది 'పటేల్ షాట్'. ఎదుటి మనిషి కంటికి సమానంగా కెమెరా పట్టుకుంటే 'సంఘం షాట్'. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కదా, అందుకు. ఇది విన్నాక మళ్ళీ మా పెండ్లి కేసెట్ వేసి చూశాను. వీడియోవాడు కుర్చీ ఎక్కి, బల్ల ఎక్కి తీశాడు. పీటల మీద ఉన్నవాళ్ళు, వాళ్ళ నగలు, వాళ్ళ తలపాగాలు అన్నీ కనపడతాయి. అమ్మ కంటికి సమానంగా మాత్రం కెమెరా ఒక్కసారి కూడా రాలేదు.

మేనకోడలు చేసిన వీడియో తొమ్మిది నిమిషాలు. అందులో పెద్దగా ఏం జరగదు. మొదట ఆ నాలుగు సెకన్లు, చాలా నెమ్మదిగా. మళ్ళీ అదే. మళ్ళీ అదే. కేసెట్ పాతబడి గీతలు పడిన చోట అమ్మ మొహం కరిగినట్టయితది. తర్వాత ఇప్పటి అమ్మ చేతులు, మా పెరట్లో కూర్చుని పసుపు కొమ్ములు దంచుతుంటాయి. దాని మీద గొంతు వస్తుంది. అది అమ్మ గొంతే, తన పేర్లు చదువుతుంది.

ఆ పేర్ల సంగతి మీలో మహారాష్ట్రలో ఉన్నవాళ్ళకు బాగా తెలుసు. అమ్మ పుట్టింది ఆర్మూరు దగ్గర ఊర్లో. అక్కడ ఇంటిపేరు ముందు, తన పేరు వెనక. 1963లో పదహారేండ్లకు పెండ్లయి, నిజామాబాద్ దాకా బస్సులో, అక్కడ మీటర్‌గేజి రైలెక్కి, బాసర దగ్గర గోదావరి దాటి ఇక్కడికి వచ్చింది. అప్పటికి రాష్ట్రాలు విడిపోయి ఏడేండ్లు. 1956 నవంబరు 1 దాకా ఆర్మూరు, నాందేడ్ రెండూ హైదరాబాద్ రాష్ట్రమే. పిల్లను పరాయి రాష్ట్రానికి ఇస్తున్నామని మా తాత అనుకోలేదు. నాలుగు స్టేషన్ల అవతల ఇస్తున్నా అనుకున్నాడు. ఇక్కడ రేషన్ కార్డు రాసిన గుమస్తా తన పద్ధతిలో రాశాడు. ముందు ఆమె పేరు, నడుమ మొగుడి పేరు, చివర మా ఇంటిపేరు. దాంతో పాటు ఇక్కడి ఆచారం చూసి మా నాయనమ్మ కూడా పెండ్లిలో కోడలికి కొత్త పేరు పెట్టింది. అత్తగారింట్లో ఆ పేరుతోనే పిలిచారు. బ్యాంకు పాసుబుక్కులో ఒక పేరు, ఓటరు కార్డులో ఇంకో పేరు. తల్లిగారింటికి పోతే చిన్నప్పటి పేరు. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు ఇద్దరే మిగిలారు.

వీడియోలో అమ్మ ఒక్కో కార్డు చూసి ఒక్కో పేరు చదువుతుంది. చదివి, "గీమె ఎవరో" అని నవ్వుతుంది. అది రాసి ఇచ్చిన మాట కాదు. తనే అన్నది.

మరాఠీలో మాహేర్, సాసర్ అంటారు. మనం తల్లిగారిల్లు, అత్తగారిల్లు అంటాం. రెండు భాషల్లోనూ ఆడదానికి రెండిండ్లు. ఆమె సొంత ఇంటికి మాత్రం రెండు భాషల్లోనూ మాట లేదు. అమ్మను ఆర్మూరు దిక్కు 'నాందేడామె' అంటారు. నాందేడ్‌లో మొన్నమొన్నటి దాకా 'తెలంగీ బాయి' అన్నారు. అరవై ఏండ్లు ఒకే ఇంట్లో ఉన్నా ఆమెది ఏ ఊరంటే ఇద్దరూ అవతలి ఊరు చూపిస్తారు.

నాందేడ్‌లో మన తెలుగు నిలబడిందని మనం గొప్పగా చెప్పుకుంటాం. నేను కూడా ఎన్నోసార్లు రాశాను. నిలబెట్టింది ఎవరు? మా నాన్నకు మిల్లులో మరాఠీ, ఉర్దూ చాలు. తమ్ముడు బడిలో మరాఠీ, దోస్తులతో హిందీ. ఇంట్లో తెలుగు మాట్లాడింది ఆర్మూరు నుంచి, బోధన్ నుంచి, నిర్మల్ నుంచి వచ్చిన కోడండ్లు. బతుకమ్మ పేర్చింది వాళ్ళు, పాట నేర్పింది వాళ్ళు, సకినాలు చుట్టింది వాళ్ళు. భాష మర్చిపోతే 'తల్లి నేర్పలేదు' అన్న మాట కూడా వాళ్ళకే. ఇంత మోసినవాళ్ళను శుభకార్యం రాగానే, మొగుడు లేడన్న ఒక్క కారణానికి, కెమెరాకు కనపడకుండా పంపించాం. పంపించింది మగవాళ్ళు కాదు. వాళ్ళు మండపంలో కుర్చీలు సర్దుతున్నారు. పంపించింది నాలాంటి ఆడబిడ్డలే.

2024 దసరాకు అందరం కలిసినప్పుడు పిల్ల ఆ వీడియో చూపిస్తానంది. తమ్ముడు వద్దన్నాడు. "ఇంటి సంగతి బయటేసుకునుడు ఎందుకు? అక్కకు మంచిగనిపిస్తదా?" అన్నాడు. నన్ను కాపాడాలనే అన్నాడు. నేనేం మాట్లాడలేదు. వద్దంటే బాగుండునని మనసులో ఉంది. అప్పుడు మా మరదలు, ఎప్పుడూ ఎక్కువ మాట్లాడని మనిషి, అన్నది. "వెయ్యనియ్యి. పెండ్లినాడు నేను కాళ్ళు మొక్కింది చిన్నత్తమ్మకు. అత్తమ్మకు మొక్కింది మూడో రోజు, వంటింట్ల. అది కూడా కేసెట్ల లేదు."

గోడకు తెల్ల దుప్పటి కట్టి వేశాం. అమ్మ మంచం మీద కూర్చుని చూసింది. నేను తెర వైపు కాకుండా అమ్మ మొహం చూస్తూ కూర్చున్నాను. ఆ నాలుగు సెకన్లు మొదటిసారి వచ్చినప్పుడు ఆమె కండ్లద్దాలు సర్దుకుంది. మూడోసారి వచ్చినప్పుడు, "గా చీర ఎవరికిచ్చిన్నో" అన్నది. అయిపోయాక అందరూ ఊరుకున్నారు. ఆమే అన్నది, "మాహూరుల అమ్మవారికి మొహం ఒక్కటే ఉంటది. నాకేమో చేతులొక్కటే ఉన్నయి."

మాహూరు చూడనివాళ్ళకు చెప్పాలి. మన జిల్లాలోనే ఉంది, రేణుకాదేవి గుడి. తెలంగాణలో మనం ఎల్లమ్మ అనే తల్లే. లోపల నిలువెత్తు విగ్రహం ఉండదు. సింధూరం పూసిన పెద్ద మొహం ఒక్కటే. మొగుడి మాట మీద కొడుకే తల నరికిన తల్లి ఆమె. తాంబూలం దంచి ప్రసాదం పెడతారు. అమ్మ ఇన్నేండ్లుగా పోతూనే ఉంది. అక్కడ ఆమెను ఎవరూ వెనక్కి పొమ్మనరు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక అమ్మ పక్కన కూర్చున్నాను. "అమ్మా, ఎవరన్నా మాట అంటరేమో అని, వాళ్ళు అనకముందే నేనే అన్న" అన్నాను. అది అబద్ధం కాదు. ఆ గదిలో ఒకరిద్దరు పెద్దవాళ్ళ మొహాలు మారడం నేను చూశాను. పదిమందిలో అమ్మను ఎవరో ఒకరు అనడం కంటే బిడ్డ చెవిలో చెప్పడం నయం అనుకున్నాను.

అమ్మ కాసేపు ఆగి అన్నది. "నాకు ఎరుకే. నువ్వు అనకపోయినా నేను పోయేదాన్నే బిడ్డా. గాని పసుపు పెట్టి పోయేదాన్ని."

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

బడిలో మాకు మహర్షి కర్వే పాఠం ఉండేది. 1893లో తనే ఒక వితంతువును పెండ్లి చేసుకుని సంఘాన్ని ఎదిరించినాయన. ఇంట్లో నాన్న కందుకూరి వీరేశలింగం కథ చెప్పేవాడు, 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించారని. రెండు భాషల్లో ఇద్దరు మహానుభావుల గురించి చదువుకుని పెరిగినదాన్నే నేను. అవి పెండ్లి చేసుకునే వయసున్న పిల్లల గురించి. నలభై ఏడేండ్ల అమ్మ చేతిలో పసుపు గిన్నె సంగతి ఏ పాఠంలోనూ లేదు. 2022 మే నెలలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊరి పంచాయతీ, మొగుడు పోయినామెకు బొట్టు చెరపడం, గాజులు పగలగొట్టడం, మంగళసూత్రం తీయించడం ఇక చెయ్యకూడదని తీర్మానం చేసింది. ఆ నెలలోనే మహారాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలను కూడా అదే దారిలో నడవమన్నది. ఆ వార్త నేనే పేపర్లో చూసి అమ్మకు చదివి వినిపించాను. మంచి పని చేసిండ్రు అన్నాను కూడా. అమ్మ చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ ఊకొట్టింది. ఆ రోజు ఆమె మనసులో ఏ పసుపు గిన్నె ఉందో నాకు తట్టనేలేదు.

2025 మాఘమాసంలో మా మేనల్లుడి పెండ్లి, అంటే తమ్ముడి కొడుకుది. పెండ్లి పనుల జాబితా రాస్తున్నప్పుడు నేనే అన్నాను, నలుగుకు మొదటి పసుపు అమ్మ పెట్టాలని. తమ్ముడు వెంటనే సరే అన్నాడు. చిన్నమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఎనభై దగ్గర పడ్డ మనిషి. "కొత్త జంటకు ఏమన్నా అయితే?" అన్నది. ఆమెను తప్పు పట్టలేను. ఆ భయం ఆమె ఒక్కదానిది కాదు, ముప్పై ఏండ్ల కింద నాదీ అదే. వియ్యాలవాళ్ళకు ముందే చెప్పాం. వాళ్ళు ధర్మాబాద్ వాళ్ళు. వాళ్ళింట్లో ఒక పెద్దామె, "మాదాంట్ల కూడా ఉన్నది ఒక అక్క. మేము కూడా పిలుస్తం మరి" అన్నదట.

అమ్మనే ఒప్పించడం కష్టమైంది. బొట్టు పెట్టుకొమ్మంటే వద్దన్నది. "ముప్పై అయిదేండ్లాయె. ఇప్పుడు అద్దంల నన్ను నేనే గుర్తుపట్ట." గాజులు వద్దన్నది. పట్టుచీర వద్దన్నది. "పసుపు మటుకు నేనే దంచుతా. నేనే పెడతా" అన్నది. అంతే. మేము ఇంకేం అనలేదు.

అన్నీ మారిపోయాయని చెప్పను. అమ్మ పసుపు పెట్టాక ఇద్దరు ముత్తైదువలు ముందుకు రాలేదు, వంటింట్లో ఏదో పని ఉన్నట్టు వెళ్ళిపోయారు. చిన్నమ్మ మాత్రం చివరికి వచ్చింది. వచ్చి, అక్క వేళ్ళు పెట్టిన గిన్నెలోనే వేళ్ళు పెట్టి పసుపు తీసింది. మేనకోడలు ఆ రోజు కెమెరా పట్టలేదు. అన్న పెండ్లిలో పని ఉంటుందా లేదా ఆమెకు! వీడియో తీసింది ఊర్లోని ఒక కుర్రవాడు. మరాఠీ పిల్లగాడు, ఇరవై రెండు ఇరవై మూడేండ్లు ఉంటాయేమో. ఈ కథంతా వాడికి తెలియదు. అమ్మ వంగి మనవడి చెంపకు పసుపు రాస్తుంటే, వాడు కూడా నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, కెమెరా ఆమె కండ్ల ఎత్తుకు దింపి, "ఆజీ, ఇకడె బఘా" అన్నాడు. అమ్మమ్మా, ఇటు చూడండి అని.

అమ్మ వెంటనే చూడలేదు. మనవడి రెండో చెంపకు కూడా పసుపు రాసింది. తర్వాత మొహం తిప్పి, కెమెరా వైపు చూసింది.